మబ్బుల మీద ఏనుగుపిల్ల, పక్కనే చీమ

తలజుట్టును పాయలుగా విడదీయడం చూసేవారికి చిన్న పనే. దువ్వెన కొస పట్టుకొని నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక గీత గీస్తే చాలుననిపిస్తుంది. ఆ గీత వంకర పోకుండా, కూర్చున్న పిల్ల ‘అబ్బా’ అనకుండా, చేతిలోని పాయ జారకుండా గీయగలిగినవారిని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఒక ఆసుపత్రి మేడమీద, నడవా చివర, కిటికీకి లేతనీలం తెర వేలాడే గదిలో పనిచేసే ఆమె అటువంటివారిలో ఒకతె.

పెద్దవాళ్ళు ఆమెను టెక్నీషియనుగారు అంటారు. పిల్లలు టోపీ అత్తయ్య అంటారు. మెదడులో పుట్టే సన్నని విద్యుత్తు అలలను తెరమీద గీతలుగా చూపే ఈఈజీ పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. తలమీద అక్కడక్కడ చిన్న లోహపు బిళ్ళలను జిగురుతో అంటించి, ఒక్కొక్క బిళ్ళ నుంచి ఒక్కొక్క తీగను యంత్రానికి కలిపి, అవి కదలకుండా మీద వలవంటి టోపీ తొడగాలి.

“మా ఆవిడకి జీతమిచ్చి మరీ జనానికి టోపీలు పెట్టిస్తున్నారండీ” అని ఆమె భర్త కొత్తగా పరిచయమైన ప్రతివారికీ చెప్పి, ముందుగా తానే నవ్వుతాడు. ఆయన దర్జీ. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. ఆ హాస్యోక్తి ఎన్ని ఉతుకులకు వచ్చినా ఇంకా రంగు వెలవలేదని ఆయన నమ్మకం.

ఆసుపత్రికి రాకముందు ఆమె ఆడవాళ్ళకు జడలు వేసే దుకాణంలో పనిచేసేది. నరాల వైద్యురాలైన డాక్టరమ్మ అక్కడికి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి, అద్దంలో తన తలను కాక, తన తలమీద కదులుతున్న ఆ వేళ్ళను చూస్తూ కూర్చున్నది. లేచేటప్పుడు, “నీకు పాపిట తీయడానికి స్కేలు అక్కర్లేదమ్మా. మా దగ్గరికి వస్తావా? మిగతాది నేర్పిస్తాను” అన్నది. మనుషుల బతుకులు మలుపు తిరిగేటప్పుడు బాజాలు మోగవు. చాలాసార్లు ఎవరో కుర్చీలోంచి లేస్తూ అన్న ఒక్క వాక్యమే వినిపిస్తుంది. ఆమె వెళ్ళింది. నేర్చుకొన్నది. ఎక్కడెక్కడ బిళ్ళ పెట్టాలో వేళ్ళకే తెలిసేటంతగా నేర్చుకొన్నది.

నేర్పనివి కొన్ని తానే కనిపెట్టింది. వాటిలో మొదటిది పేర్ల ఆట.

తొలిరోజుల్లో ఒక చంటిది అంటించిన బిళ్ళలన్నీ పీకి పారేస్తుంటే ఆమెకు ఏమీ తోచక, “అయ్యయ్యో, చిలుక ఎగిరిపోయింది!” అన్నది. ఆ పిల్ల ఏడుపు ఆపి, చేతిలోని తీగను ఎగాదిగా చూసి, తిరిగి తన తలమీద తానే పెట్టుకొన్నది. అంతే. ఆనాటి నుంచి ఆ గదికి వచ్చిన ప్రతి పిల్లా తన తీగలకు తానే పేర్లు పెట్టుకోవలసిందే. పేరు లేని వస్తువును చూస్తే పిల్లలకు భయం. ఆ మాటకు వస్తే పెద్దలకూ భయమే. మనం రోగానికి పేరు తెలియగానే సగం కుదుటపడటం లేదూ? పేరు పెట్టిన మరుక్షణం అది మనదవుతుంది, మనది మనల్ని కరవదు. ఆమె ఆ పేర్లను యంత్రంలో ఒక్కొక్క తీగ గీత పక్కన ఉన్న ఖాళీలో టైపు చేసేది. తెరమీద తమ కుందేలూ తమ కప్పా గీతలు గీస్తుంటే పిల్లలు కదలకుండా కూర్చునేవారు. కదలకుండా కూర్చోవడమే ఆ పరీక్షకు ప్రాణం. వేరే చోట్ల నిద్రమందు పట్టించి చేసే పిల్లలకు కూడా ఆమె మందు లేకుండా చేసేది. అది ఆమె గర్వం. పైకి చెప్పుకొనేది కాదు గాని, మందు సీసా అరలో దుమ్ము పట్టి ఉండటం చూసినప్పుడల్లా ఆమెకు ఒక పూట భోజనం చేసినంత తృప్తిగా ఉండేది.

ఇక అసలు కథ.

ఒకనాటి ఉదయం ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. పాప బడిలో ఉన్నట్టుండి కిటికీలోకి చూస్తూ ఉండిపోతున్నదట. పిలిస్తే పలకదట. అది మూర్ఛలో ఒక రకమేమోనని బడివారు భయపెట్టారు. తల్లి ముఖం పీక్కుపోయి ఉన్నది. పాప ముఖం మాత్రం అప్పుడే కడిగిన పళ్ళెంలాగా మెరిసిపోతున్నది.

“అత్తయ్యా, ఈ తీగకి ఏం పేరైనా పెట్టొచ్చా?”

“నీ ఇష్టం చిట్టీ.”

“ఇది మబ్బులమీద నిద్రపోయే ఏనుగుపిల్ల.”

“అబ్బో! మరి దాని పక్కది?”

“చీమ.” పాప కొంచెం ఆలోచించి సర్దిచెప్పింది. “ఏనుగు పేరుకే నోరు నొప్పి పుట్టింది.”

ఆమె ఎప్పటిలాగానే ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయబోయింది. పాప తెరవైపు వేలు చూపించి అడ్డుపడింది. “అవి నాకు రావు. నాకు వచ్చిన అక్షరాల్లో రాయండి. మీరు అక్కడ పిల్లి అని రాసినా నాకు తెలీదు కదా!”

కొత్తగా చదవడం వచ్చినవారికి ఉండే దర్పం ఇంకెవరికీ ఉండదు. లోకంలోని ప్రతి గోడా, ప్రతి బస్సూ తమకోసమే రాయబడినదని వారి విశ్వాసం. ఆమె ఆ దర్పాన్ని గౌరవించింది. యంత్రం మన లిపిని కూడా తీసుకొంటుందని ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ అవసరం రాలేదు, అంతే. పాప కూడబలుక్కొని చదివి, ఏత్వం సరిగ్గా పడిందని ధ్రువీకరించాకనే పరీక్ష మొదలయింది. పాప బొమ్మలా కూర్చున్నది.

ఆ గదిలో గీసిన గీతలను డాక్టరమ్మ తన గదిలోని కంప్యూటరులో చూస్తుంది. యంత్రం రాసిన ఫైలును విప్పి చూపడానికి అక్కడ ఒక ప్రోగ్రాము ఉన్నది. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడివారో తీరిక వేళల్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, లోపలి రాతను కూడా చదువుకోండి, తప్పుంటే దిద్దండి అని లోకానికి వదిలిపెట్టినది. అటువంటి ఔదార్యం కంప్యూటర్లలోనైనా మిగిలి ఉన్నందుకు సంతోషించాలి.

డాక్టరమ్మ ఫైలు తెరిచింది. పక్కన తల్లి, తల్లి ఒళ్ళో పాప. గీతలన్నీ సన్నని అలలు. ఒక్క చీమ గీత మాత్రం కొండలూ లోయలూ! తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎగిసి పడుతున్నది. తల్లి పాపను ఇంకా దగ్గరగా లాక్కొన్నది.

“చీమ బాగా తిన్నట్టుంది!” అన్నది పాప సంబరంగా.

డాక్టరమ్మ నోరు తెరిచేలోగా ప్రోగ్రాము తనంతట తానే టప్పున మూసుకుపోయింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ కొండలు, మళ్ళీ టప్పు. డాక్టరమ్మ గబగబా తీగల గదికి వచ్చి, యంత్రానికే ఉన్న చిన్న తెరమీద అదే ఫైలు చూసింది. అక్కడ చీమ చీమలాగానే ఉన్నది.

“కంగారు పడకండి” అని తల్లితో అన్నది. “ఇంత ఎత్తు అలలు మెదడులో పుట్టవు. కానీ రెండు తెరలు రెండు మాటలు చెప్తున్నాయి. ఏది నిజమో తేలేదాకా నేను సంతకం పెట్టను. నాలుగు రోజులాగి రండి.”

తరువాత టెక్నీషియను వైపు తిరిగింది. డాక్టరమ్మకు ఒక అలవాటు ఉన్నది. మనసు బాగున్నప్పుడు కర్తరి వాక్యాలే మాట్లాడుతుంది. చిరాకు వేసినప్పుడు మన భాషకు అంతగా పొసగని కర్మణి ప్రయోగంలోకి దిగుతుంది. ‘కాఫీ తాగుదాం’ అనే మనిషే ‘కాఫీ తాగబడదు’ అంటుంది.

“పాత ఫైళ్ళు చక్కగా తెరుచుకుంటున్నాయి. దీంట్లో కొత్తగా ఉన్నవి ఆ తెలుగు పేర్లే. ఏ పేరు పొసగదో తేలేదాకా, రేపటినుంచి ఏ పేర్లూ పెట్టబడవు. యంత్రం ఇచ్చిన గుర్తులే ఉంచబడతాయి.”

“డాక్టరమ్మా, పిల్లలు...”

“తెలుసమ్మా” అన్నది డాక్టరమ్మ, ఈసారి మెత్తగా. “కానీ పేరు ముద్దుగా ఉందని తప్పు గీత చూసి మందు రాయలేను కదా.”

మరునాడు ఒక చిన్నదానికి తీగలు చూపించి, “ఇది ఎఫ్ మూడు, ఇది సి నాలుగు” అని ఎంత తియ్యగా చెప్పినా ఆ గుర్తులు ఎవరికి చుట్టాలు? తీగల గదిలో చాలాకాలం తరువాత ఏడుపు వినిపించింది. అరలోని సీసా దుమ్ము తుడవవలసి వచ్చింది.

సాయంత్రం ఆమె దిగాలుగా ఇల్లు చేరేసరికి, భర్త కుట్టుమిషను దగ్గర ఉన్నాడు. గుడ్డలు కత్తిరించే బల్లమీద మరిది కాళ్ళు వేలాడేసుకొని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకొని కూర్చున్నాడు. మరిది ఆ ఆసుపత్రిలోనే కంప్యూటర్ల బాగోగులు చూస్తాడు. డాక్టరమ్మ గదిలోని గొడవ అతని నెత్తినే పడింది. అయితే అతని ముఖంలో మాత్రం పండుగ కనిపిస్తున్నది.

“వదినా! పిల్లలకే టోపీ పెడతావనుకున్నా. ప్రోగ్రాముకి కూడా పెట్టేశావే!”

“నా బాధ నాకుంటే నీకు వేళాకోళమా? ముందు ఆ బల్ల దిగు, మీ అన్నయ్య కోటుగుడ్డమీద కూర్చున్నావు.”

“కూర్చోనీలే. ఎలాగూ ఇస్త్రీ చెయ్యాలి” అన్నాడు దర్జీ.

“విను వదినా. తప్పు నీది కాదు, పాపది కాదు, ఏనుగుది అసలే కాదు. ఆ ప్రోగ్రాము లోపలి రాత పొద్దుటినుంచీ చదివాను. ప్రతి తీగ పేరుకీ అది ముందే ఒక పెట్టె కట్టి ఉంచుతుంది. పెట్టెలో ఇన్నే గళ్ళు అని లెక్క. పేరొచ్చాక అది ఎంత పొడుగుందో చూడదు, దించకుండా పోసేస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో సర్దుకుంటుంది. మన అక్షరానికి మూడు గళ్ళు కావాలి. గుడికి మళ్ళీ మూడు. కొమ్ముకి మళ్ళీ మూడు.”

“మన గుణింతానికి అంత దర్జానా!”

“మరేమనుకున్నావ్! నువ్వు ఇన్నాళ్ళూ చిలుక, కప్ప అని ఇంగ్లీషులో పొట్టిగా కొట్టావు కాబట్టి గడిచిపోయింది. ఈ ఏనుగుపిల్ల పెట్టె నిండి, గట్టు దాటి, పక్కనున్న చీమగారింట్లోకి వెళ్ళింది. అక్కడ ‘ఈ గీతని ఇంత పెద్దది చేసి చూపించు’ అని రాసిపెట్టుకున్న అంకె ఉంది. దాన్ని తొక్కేసింది. అందుకే కొండలు. ఇంకాస్త ముందుకెళ్ళి, ‘ఈ పని అయ్యాక ఎక్కడికి పోవాలి’ అని ప్రోగ్రాము రాసుకున్న చిరునామా తొక్కేసింది. దారి తెలీక అది చతికిలబడింది.”

దర్జీ మిషను ఆపాడు. “అంటే కొలత తీసుకోకుండా గుడ్డ కోశాడన్నమాట. పక్కవాడి చొక్కా కూడా తెగింది.”

“అన్నయ్యా, నేను పేజీ రాసింది నువ్వు ఒక్క ముక్కలో తేల్చావు. ఇంకో సంగతుంది. మన ఏనుగు అమాయకమైంది కాబట్టి చీమని తొక్కి ఊరుకుంది. ఎవడైనా పోకిరి కావాలని, పేరు వేషంలో తన ఆజ్ఞ రాసి, సరిగ్గా ఆ చిరునామా చోట తన చిరునామా పడేలా ఫైలు తయారుచేసి పంపాడనుకో. డాక్టరమ్మ మామూలుగా తెరుస్తుంది. కంప్యూటరు ఆ పోకిరి చెప్పినట్టల్లా ఆడుతుంది. రోగుల కాగితాలన్నీ ఉన్న కంప్యూటరు!”

ఆమె చేతిసంచి అక్కడే పడేసింది. “అయితే వెంటనే అందరికీ చెప్పెయ్యి!”

“అదే కూడదు. ఇంటి తలుపుకి గడియ లేదని బజార్లో నిలబడి అరిస్తే ముందు వినేది దొంగ. ఇంటాయన చెవిలో చెప్పాలి, ఆయన గడియ పెట్టాక ఊరికి చెప్పాలి. ఆ ప్రోగ్రాముని కనిపెట్టుకుని ఉండే పెద్దాయన ఒకడు ఉన్నాడు, ఏ దేశమో ఏమో. ఆయనకి గుట్టుగా రాశాను. జవాబు కూడా వచ్చింది. ఎంత సంతోషించాడో! దిద్దడానికి తప్పు చూపించే ఫైలొకటి కావాలట. కాని రోగిది వద్దన్నాడు. పాప మెదడు గీతలు ఊరంతా తిప్పకూడదు కదా.”

“మరి ఎవరివి పంపుతావు?”

మరిది మెల్లగా తల తిప్పి అన్నగారి నెత్తివైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఆయన తలమీద వెంట్రుక అన్నది చెవుల పక్కన తప్ప లేదు. పాపిట తీయనక్కరలేదు, పాయ జారదు, బిళ్ళ కదలదు. ఇన్నేళ్ళుగా అంత చదునైన నేలను ఎదురుగా పెట్టుకొని కూడా తనకు తోచనందుకు ఆమె తనలో తానే ఆశ్చర్యపోయింది.

“ఏంటి, ఇద్దరూ అలా చూస్తున్నారు?” అన్నాడు దర్జీ టేపు మెడలోంచి తీస్తూ.

తల్లి పాపతో పరీక్ష ఫలితం కాగితం కోసం మళ్ళీ వచ్చిన రోజున, మధ్యాహ్నం భోజనాల వేళ, రోగులు లేని సమయంలో ఆ పని పెట్టుకొన్నారు. డాక్టరమ్మ అనుమతించడమే కాదు, టిఫిను డబ్బా చేతపట్టుకొని తానే వచ్చి గుమ్మంలో నిలబడింది. దర్జీ కుర్చీలో కూర్చున్నాడు. పాప టెక్నీషియను ఎత్తు కుర్చీ ఎక్కింది. సంగతంతా విన్న తరువాత ఆ పిల్ల నడకే మారిపోయింది.

“తాతగారూ, కదలకూడదు. కదిలితే ఏనుగు లేస్తుంది” అని గద్దించింది.

“తాత ఎవరే? నాకింకా...”

“మాట్లాడకూడదు కూడా!”

“ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళూ ధైర్యం చాలలేదు చిట్టీ” అన్నది ఆమె, నడినెత్తిన బిళ్ళ అంటిస్తూ. డాక్టరమ్మకు పొలమారింది.

పాప పేర్లు చెప్పింది. ఆమె తెలుగు అక్షరాలలో టైపు చేసింది. మబ్బులమీద నిద్రపోయే ఏనుగుపిల్ల మళ్ళీ వచ్చింది, పక్కన చీమ. మిగతావాటికి ఈ తలకు తగిన పేర్లు కావాలని పాప పట్టుబట్టి, ఒకదానికి ‘నున్నటి గుండు’ అనీ, మరొకదానికి ‘జారుడుబల్ల’ అనీ పెట్టింది. గీతలు కదిలాయి. దర్జీ కళ్ళు మూసుకొని గంభీరంగా కూర్చున్నాడు.

“ఏవండీ, నిద్రపోతున్నారు కదూ?”

“లేదే!”

“తెరమీద కనిపిస్తోందండీ. ఇక్కడ బొంకడానికి వీల్లేదు.”

దాపరికం లేని అటువంటి తెర ఇంటింటా ఉంటే సంసారాలు ఏమవుతాయో చెప్పలేము గాని, ఆ గదిలో మాత్రం పడీపడీ నవ్వారు. ఆ నవ్వుకు గీతలన్నీ చెదిరి, మళ్ళీ మొదటినుంచి తీయవలసి వచ్చింది. తీసిన ఫైలును మరిది డాక్టరమ్మ కంప్యూటరులో తెరిచి చూపించాడు: కొండలు, టప్పు. అంతగా సంతోషం కలిగించిన వైఫల్యాన్ని ఆ ఆసుపత్రి ఎన్నడూ చూసి ఉండదు. ఫైలు ఆ పెద్దాయనకు వెళ్ళింది. తల్లిని ఇంకొక్క వారం ఓపిక పట్టమన్నారు.

ఆ వారం తీగల గదిలో ఏడుపులు ఆగలేదు. ఆమె ప్రతి ఉదయం మరిది ముఖం చూసేది. అతడు తల అడ్డంగా ఊపేవాడు. ఒకరోజున నిలువుగా ఊపాడు.

“పెట్టేశాడు వదినా, గడియ! ఇప్పుడు ముందు పేరు కొలుస్తుంది, ఆ కొలతకి పెట్టె కడుతుంది, అప్పుడే పోస్తుంది. ఎంత పొడుగు పేరైనా సరే. కొత్తది డాక్టరమ్మ గదిలో ఎక్కించేశాను. అన్ని చోట్లవాళ్ళనీ మార్చుకోమని ఆయన ఇవాళే చాటించాడు.” అతడు ఊపిరి తీసుకొన్నాడు. “అదొక్కటే కాదు. ఇకమీదట ఆ ప్రోగ్రాములో ఎవరు ఏం మార్చినా, దాన్ని లోపలికి రానిచ్చేముందు మన ఫైలు ఒకసారి తెరిచి చూస్తారట. ఏనుగు గట్టు దాటకుండా ఉంటేనే ఆ మార్పు ఒప్పుకుంటారు. లేదంటే వెనక్కే.”

“అంటే మీ అన్నయ్య తల...”

“లోకంలో అందరికీ గీటురాయి!”

ఆ కబురు విన్న దర్జీ ఆ రోజు ఎవరికీ కొలతలు సరిగ్గా తీయలేకపోయాడు. “నా తలలో ఏదో ఉందని మీ వదిన ఒప్పుకునేందుకు దేశదేశాలవాళ్ళు సాక్ష్యం చెప్పాల్సి వచ్చిందిరా” అని టోపీల హాస్యోక్తికి బదులు ఇది మొదలుపెట్టాడు. ఇది ఇంకా కొత్తది, చాలాకాలం వస్తుంది.

తల్లీ పాపా వచ్చారు. డాక్టరమ్మ ఆ తొలి ఫైలును, పాప సొంత ఫైలును, తన గదిలో తెరిచింది. టెక్నీషియను గుమ్మం దగ్గర చేతులు కట్టుకొని నిలబడింది. మూసుకుపోతుందేమోనని అందరూ ఊపిరి బిగబట్టారు. మూసుకుపోలేదు. తెరమీద మొదటినుంచి చివరిదాకా సన్నని అలలు, వాటి పక్కన తెలుగులో పేర్లు, ఒక్క కొమ్ము కూడా రాలిపోకుండా. డాక్టరమ్మ తీగల గదికి వెళ్ళి చిన్న తెర చూసి వచ్చింది. రెండు తెరలూ ఒకే మాట చెప్పాయి.

“నేను చూశాను” అన్నది కుర్చీలో కూర్చుంటూ. కర్తరి ప్రయోగం! గుమ్మం దగ్గర ఆమె కట్టుకొన్న చేతులు విప్పింది. “రెండుసార్లు చూశాను. నీ చీమ బాగుంది. మబ్బులమీద నిద్రపోయే ఏనుగుపిల్ల వైపు కూడా అంతా సవ్యంగా ఉంది. మూర్ఛా లేదు, గీర్ఛా లేదు. ఇది ఉత్త పరాకు.”

తల్లి పైటకొంగుతో కళ్ళు ఒత్తుకొని, ఏడుస్తూనే నవ్వింది. పరాకు! ఎంత మెత్తటి మాట అది. ఇన్నాళ్ళూ రోగాల పేర్లు విని విని బెదిరిన ఆ తల్లి చెవికి అది జోలపాటలాగా వినిపించి ఉంటుంది.

“అయితే చిట్టీ,” డాక్టరమ్మ సంతకం పెడుతూ అడిగింది, “బళ్ళో కిటికీలోంచి అంతసేపు ఏం చూస్తుంటావు?”

పాప ఆ ప్రశ్నకు జాలిపడింది. “ఏనుగు నిద్రపోతోందా, లేచిందా అని. ఎవరో ఒకరు చూసుకోవాలి కదా!”

“ఇప్పుడు చాలామంది చూసుకుంటున్నార్లే” అన్నది గుమ్మం దగ్గరనుంచి ఆమె. “నువ్వు కాస్త పాఠం కూడా విను.”

నడవాలోకి వచ్చేసరికి తీగల గది ముందు బల్లమీద ఇంకొక పిల్ల, నాయనమ్మ చెంగు పట్టుకొని, ఏడవడానికి పెదవులు సిద్ధం చేసుకొంటూ కూర్చున్నది. ఆమె డాక్టరమ్మ వైపు తిరిగి చూసింది. డాక్టరమ్మ వెళ్ళు వెళ్ళు అన్నట్టు చేయి ఊపింది.

ఆమె ఆ పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చొని, ఒక తీగ తీసి అరచేతిలో పెట్టింది.

“దీనికింకా పేరు లేదు. నువ్వు పెడతావా? ఎంత పొడుగైనా పర్లేదు.”